నాలుగో నంబరు పలక

నౌపడ దగ్గర, మా పేట,
28-4-2025

ఇందుమూలంగా సకల జనులకూ, వారి కోళ్లకూ, ముఖ్యంగా ఐసు కొట్టు లక్ష్ముడి మేకకూ తెలియజేయడమేమనగా: నేటి నుంచి మా పేటలో కొందరు ఆడవాళ్ల నోళ్లు శాస్త్రవిజ్ఞానం వారి స్వాధీనంలో ఉన్నవి. ఆ నోళ్లతో ఎవరూ ఎవరినీ తిట్టరాదు. తప్పనిసరిగా తిట్టవలసి వస్తే పలక బయటికి తీసి, కడిగి, డబ్బాలో పెట్టి, ఆ తర్వాతే తిట్టవలెను. మొగవాళ్లు చుట్టూ చేరి నవ్వరాదు. మేక డబ్బా వాసన చూడరాదు. ఈ ఆజ్ఞ మీరినవారిని దేముడమ్మ చేత పలక తీయించి మరీ తిట్టించబడును. ఇట్లు, నోటి పలకల శాఖ సర్వాధికారి, ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిన పండితుడు, గంగులు.

కోడలా అనూరాధా,

పై ఆజ్ఞ పోయిన వారం పలకలు వచ్చిన రోజే మైకు లేకుండా పేటంతా చదివి వినిపించాను. వేట నిషేధం రోజులు కదా, మొగాళ్లందరూ పడవల నీడలో పడి ఉన్నారు. ఇంతకన్నా మంచి సభ నాకు మళ్లీ దొరకదు.

వారం వారం డబ్బాతో పాటు ఎవరెవరు పలక ఎలా పెట్టుకున్నారో కాగితం మీద రాసి పంపమన్నావు. ఫోన్లో చెప్తానంటే, "నువ్వు ఫోన్లో నవ్విస్తావే తప్ప విషయం చెప్పవు మావా" అన్నావు. సరే, ఇదిగో రాస్తున్నాను. టెక్కలి బస్సులో డబ్బా, డబ్బాలో పలకలు, పలకల కింద నా ఉత్తరం.

నీతో పనిచేసే దేవేంద్ర వచ్చి రొట్టెల పిండిలాంటి గులాబీ రంగు ముద్ద అందరి నోళ్లలో పెట్టి అచ్చులు తీసుకుపోయాడు కదా. ఆ అచ్చులకు మీరు చేసి పంపిన పలకలు బాగానే అతికాయి. నోటి పైకప్పుకు అంటుకుని ఉంటాయి, మాట కాస్త ముద్దగా వస్తుంది అంతే. లోపల ఆవగింజల్లాంటివి ఎప్పుడు ఎక్కడ ఎంత వేడో రాసుకుంటాయని చెబితే దేముడమ్మ నమ్మలేదు. "నీ నోట్లో కరణం కూసున్నాడే, నువ్వేటి సేసినా రాసేత్తాడు" అన్నాను. అప్పటి నుంచి పాపం కరణానికి వినపడకుండా గుసగుసలాడుతోంది.

నిప్పున్న కొస నోట్లోకి పెట్టి చుట్ట ఎందుకు తాగుతారని మీ సారు అడిగాడట. ఆయన్ని ఒకసారి చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఒడ్డు గాలిలో నడవమను. బయట నిప్పయితే గాలికి ఆరిపోతుంది, లేదా రవ్వ పోయి చీర మీద పడుతుంది. నోట్లో పెట్టుకుంటే రెండూ లేవు. అడ్డపొగ అంటే అంతే, సర్కస్ కాదు.

ఒకటో నంబరు దేముడమ్మ. ఆదివారం అరసవల్లి వెళ్లి, పలక తీయకుండానే ప్రసాదం తినేసింది. ఆ వేళ వేడి తేడాగా కనపడితే అది పొంగలి అని తెలుసుకో. రెండు, మూడు బాగానే ఉన్నాయి. నాలుగో నంబరు అసిరమ్మ, చివరి వీధి మనిషి. కొత్తగా వచ్చింది, నువ్వు చూసి ఉండవు. ఆమె పలక ఒక్క పూట కూడా మానలేదు.

మీ అమ్మ బాగుంది. పక్కనే కూర్చుని ఎండు నెత్తళ్లు ఏరుతోంది. "తిన్నాదో నేదో అడుగు" అంటోంది. తిన్నావా? నీ జవాబు రాగానే ఎప్పట్లాగే అక్కకు గట్టిగా చదివి వినిపిస్తాను.

నీ మేనమావ, పై శాఖ సర్వాధికారి,
గంగులు

*

విజయనగరం,
2-5-2025

మావకి,

నీ ఆజ్ఞాపత్రం మా గది గోడకు అంటించాం. దేవేంద్ర నెల్లిమర్లలో వాళ్ల నాన్నకు కూడా చదివి వినిపించాడట. ఆయన తను పనిచేసే జూట్ మిల్లులో దాన్ని అమలు చేయాలంటున్నాడు.

తిన్నానని అమ్మకు చెప్పు. పొద్దున్నే రోగులు రాకముందు రేడియేషన్ యంత్రం దగ్గర నా పని మొదలు. యంత్రం ఇస్తానన్నంత కిరణమే ఇస్తోందా, అటూ ఇటూ జరిగిందా అని నీళ్ల తొట్టె పెట్టి కొలుస్తాను. నేను సరే అన్నాకే మొదటి రోగిని లోపలికి పిలుస్తారు. మధ్యాహ్నం నుంచి ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లతో కలిసి మన పలకల పని.

ఈ పలకలు ఎందుకో నువ్వు వాళ్లకు సరిగ్గా చెప్పాలి, కరణం కథ కాదు. నోట్లో క్యాన్సర్ పుండు కంటికి కనపడేలోపే ఆ చోటికి రక్తం ఎక్కువ వస్తుంది, చుట్టుపక్కల కన్నా కాస్త వేడిగా ఉంటుంది. అయితే చుట్ట తాగే నోరు ఎలాగూ కాలుతూనే ఉంటుంది. అందులో పొగ వేడి ఏది, ఒంటి వేడి ఏది అని విడదీయడమే మేం చేస్తున్న పని. అది చేతనైతే ఊరూరా తిరిగి ముందే పట్టుకోవచ్చు. మా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది అన్నం మింగలేని స్థితిలో వస్తున్నారు మావా. అప్పుడు నా యంత్రం ఎంత సరిగ్గా ఉన్నా ఏం లాభం?

ఒక అనుమానం. నాలుగో నంబరులో ఒక మధ్యాహ్నం పలక ఉన్నట్టుండి మంచులా చల్లబడింది. మనిషి నోరు అంత చల్లగా ఉండదు. ఏం జరిగిందో కనుక్కుని రాయి.

మొన్న పెద్ద మీటింగు జరిగింది. బయటి ఊళ్ల డాక్టర్లు కూడా వచ్చారు. సారు ఒక ఫొటో చూపించారు, ఒకావిడ నిప్పు నోట్లో పెట్టుకుని బుగ్గలు లోపలికి పోయి ఉంది. వెనక వరుసలో ఎవరో "డ్రాగనా?" అన్నారు. హాలంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత టీ దగ్గర ఒకావిడ, "నువ్వూ అటువైపు దానివే కదా, మీ ఇంట్లో కూడానా?" అని అడిగింది. "ఛ, మా ఇంట్లో అలాంటివాళ్లు లేరండి, మా అమ్మ నా తల మీద చెయ్యేసి ఎప్పుడో మానేసింది" అని గట్టిగా చెప్పాను. నా పరువు నిలబెట్టిందని అమ్మకు చెప్పు.

ఉంటాను మావా. యంత్రం పిలుస్తోంది.
అనూ

*

మా పేట,
7-5-2025

కోడలా,

నీ ఉత్తరం అందింది. చదివాను, వినిపించాను.

నాలుగో నంబరు చల్లదనం సంగతి అడిగావు. అసిరమ్మ లక్ష్ముడి ఐసు కొట్టు ముందు నుంచే నీళ్లకు పోతుంది. ఎండలు చూస్తున్నావు కదా. దారిలో ఒక ఐసు ముక్క నోట్లో వేసుకుని ఉంటుంది. ఇందులో కనుక్కోవడానికి ఏముంది? మీ యంత్రానికి ఎండాకాలం తెలీదా?

లక్ష్ముడి మేక ఆజ్ఞను ధిక్కరించింది. డబ్బా మూత నాకి పోయింది. దేముడమ్మ పలక తీసి తిట్టింది, నియమం ప్రకారం. మీ అత్త చిన్నతల్లి నన్ను కూడా పలక పెట్టుకోమంటోంది, కనీసం మాట ముద్దగా వస్తుందట, సగం అర్థం కాదట. పాతికేళ్ల కాపురంలో అది చేసిన ఏకైక జోకు. నాకు నవ్వు రాలేదు గాని పేటంతా నవ్వింది.

పలకలన్నీ కడిగి పంపాను. ఈ వారం అసిరమ్మ రెండు పూటలు పెట్టుకోలేదు.

మీ అమ్మ ఈసారి నీకు ఏమీ చెప్పమనలేదు. నేను ఉత్తరం చదువుతుంటే మధ్యలో, "కాకులు ఎండుసేపలు ఎత్తుకెళిపోతన్నాయి" అని లేచి వెళ్లిపోయింది. నాకైతే కాకులు కనపడలేదు. పెద్దదవుతోంది కదా, చూపు నాకన్నా బాగుందేమో.

ఇట్లు,
మేక చేతిలో ఓడిన సర్వాధికారి,
గంగులు

*

విజయనగరం,
12-5-2025

మావా,

ఈసారి గోడకు అంటించే ఉత్తరం కాదు.

నీకు ఫోన్ చేశాను. "ఇది కరెంటాఫీసు, బిల్లు కట్టని వాళ్లతో మాట్లాడం" అని పెట్టేశావు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. అమ్మతో మాట్లాడాలంటే నీ ఫోనే గతి. అందుకే రాస్తున్నాను, దయచేసి నవ్వకుండా చదువు.

నీ ఐసు సంగతి సారుకు చెప్పాను. నోట్లో పలక ఉండగా ఐసు చప్పరిస్తే అంత ఒక్కసారిగా, అన్ని వైపులా ఒకేలా చల్లబడదు అన్నారు. పలక పాడయిందని నిర్ణయించి నాలుగో నంబరు మొత్తం పక్కన పెట్టేశారు. నేనూ సరేనన్నాను. మూడు రోజులు దాని వైపు చూడలేదు.

నిన్న ఎందుకో ఆ చల్లబడిన మధ్యాహ్నాన్ని తీసేసి మిగతాది మళ్లీ గీసి చూశాను. పలక పాడవలేదు. మిగతా వాళ్లందరికీ చుట్ట ఆరిపోయాక నోరంతా ఒకేలా మామూలు వేడికి దిగుతుంది. అసిరమ్మకు కుడివైపు వెనక, చివరి పంటి పక్కన, ఒక చోట దిగడం లేదు. పొద్దున్నే లేచి, ఇంకా చుట్ట ముట్టకముందు కూడా ఆ ఒక్క చోటు వేడిగా ఉంది. ప్రతి పొద్దునా.

అది వట్టి పుండు కావచ్చు. కాకపోనూ వచ్చు. చూడకుండా నేను చెప్పలేను. ఆ జబ్బే అయితే, ఇప్పుడు పట్టుకుంటే చిన్న పనితో పోతుంది. ఆలస్యం అయితే ఎముకలోకి వెళ్తుంది. అప్పుడు సగం దవడ తీసేసిన వాళ్లను నేను రోజూ చూస్తున్నాను.

అసిరమ్మను వెంటనే తీసుకురా. ఖర్చు గురించి ఆలోచించొద్దను, అది మేం చూసుకుంటాం. బస్టాండుకు నేనే వస్తాను.

అనూ

*

మా పేట,
15-5-2025

కోడలా అనూరాధా,

ఈ ఉత్తరానికి బిరుదులు లేవు. ఉట్టి గంగులు రాస్తున్నాడు.

ఫోన్ ఎత్తకపోవడానికి కారణం ఉంది. నీ గొంతు వింటే నా నోరు ఆగదు. కాగితం మీదైతే కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు. ఇది నాలుగోసారి రాస్తున్నాను.

ఐసు అసిరమ్మ తినలేదు. ఆ మధ్యాహ్నం ఆమె అన్నానికి కూర్చుంటూ పలక తీసి గ్లాసులో పెట్టింది. నేను ఆ గ్లాసు పట్టుకుని లక్ష్ముడి కొట్టుకు పోయాను. అక్కడ పడవల వాళ్లు చేరి ఉన్నారు. "సూడండ్రా, మా కోడలి యంత్రానికి పిచ్చెక్కిత్తాను" అని చెప్పి పలకను ఐసు పెట్టెలో పాతేశాను. కాసేపయ్యాక తీసి, కడిగి, మళ్లీ గ్లాసులో పెట్టేశాను. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. విజయనగరంలో నువ్వు జుట్టు పీక్కుంటున్నట్టు నటించి కూడా చూపించాను.

ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు అన్నం దగ్గర కూర్చోలేకపోతున్నాను. నీ ఉత్తరంలో "మూడు రోజులు దాని వైపు చూడలేదు" అన్న మాట ఉంది చూడు, అది నా చేత్తో నేను చేసిన పని. నువ్వు నమ్మి ఇచ్చిన పనిని నేను ఐసు పెట్టెలో పెట్టాను. నీ సారుకు చెప్పు, పలక పాడు కాలేదు, పాడయింది దాన్ని మోసిన మనిషని.

ఇక అసిరమ్మ సంగతి. రానంటోంది. నువ్వు రాసింది విన్నది. విని, నాలుకతో లోపల తడుముకుని, "అక్కడే" అంది. అంటే ఆమెకు ముందే తెలుసు. కొన్నాళ్లుగా కారం తగిలితే మండుతోందట. అయినా రానంటోంది.

కారణం డబ్బు కాదు, భయం కూడా కాదు. ఆమెకో కూతురు ఉంది. చదువుకుంది, పెద్ద ఊళ్లో ఉద్యోగం. ఆ పిల్ల, మా అమ్మ చుట్ట మానేసిందని నలుగురిలో గొప్పగా చెప్పుకుంది. ఇప్పుడు ఆస్పత్రిలో నోరు తెరిస్తే సంగతి బయటపడుతుంది. "నా నోరు పోతే పోనీరా. దాని తల వొంగిపోతాది" అంటోంది. నేను ఎన్ని విధాల చెప్పినా అక్కడే ఆగింది.

చిన్నతల్లి కూడా వెళ్లి బతిమాలింది. దానికీ అదే జవాబు.

నువ్వే చెప్పు, ఏం చేయను? ఎగతాళి చేయమంటే నాకు వంద దారులు తెలుసు. బతిమాలడం ఒక్కటే నేర్చుకోలేదు.

గంగులు

*

విజయనగరం,
19-5-2025

మావా,

నీ మీద కోపంతో రెండు రోజులు జవాబు రాయలేదు. చిన్నప్పుడు నా పుస్తకాల సంచిలో పీతను పెట్టావు, నవ్వుకున్నాను. ఇది పీత కాదు. సారుకు నిజం చెప్పాను. ఆయన నిన్నేమీ అనలేదు, "చెప్పాడు కదా, అది చాలు" అన్నారు. నాకది చాలదు. కానీ నీ సంగతి తర్వాత.

ఆ కూతురెవరు? ఎలాంటి మనిషి? తల్లి చుట్ట తాగితే తల వంగిపోయేంత పరువేమిటి ఆమెకు? ఆ చుట్ట నోట్లో పెట్టుకునే కదా ఆ తల్లి ఎండలో బుట్టలు మోసి దాన్ని చదివించి ఉంటుంది. తల్లి నోట్లో నిప్పు కన్నా పక్కవాళ్ల నోట్లో మాట ఎక్కువైందా? ఫోన్ నంబరు ఇవ్వు, నేనే మాట్లాడతాను. నేనడిగే మాటలకు సిగ్గుతో చచ్చిపోవాలి.

అసిరమ్మకు చెప్పు. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. చిన్న లైటు పెట్టి చూస్తారు. అవసరమైతే గింజంత ముక్క తీసి పరీక్షకు పంపుతారు, నొప్పి తెలియకుండా మందు వేసే చేస్తారు. రేడియేషన్ అవసరమైతే ఆ యంత్రాన్ని నేనే కొలుస్తాను, వెంట్రుకంత కూడా పక్కకు పోనివ్వను.

ఈ నెలాఖరుకు యంత్రం సర్వీసింగు, నేను కదలలేను. లేకపోతే నేనే వచ్చి ఆమె కాళ్లు పట్టుకునేదాన్ని. మా అమ్మతో చెప్పించి చూడు. అమ్మ మానేసింది కదా, ఆమె చెబితే వింటుందేమో.

త్వరగా మావా.
అనూ

*

మా పేట,
25-5-2025

అమ్మా అనూరాధా,

డబ్బాలో ఈసారి పలకలు లేవు. ఈ ఉత్తరం ఒక్కటే. ఈ సాయంత్రం బస్సుకు వేస్తున్నాను, రేపు పొద్దున్నే నీ చేతికి వస్తుంది. మేం పొద్దున మొదటి బస్సుకు బయలుదేరుతున్నాం. అంటే మేం దిగేలోపు నువ్వు ఇది చదివి ఉండాలి. నిలబడి చదవొద్దు, కూర్చో.

మా పేటలో అసిరమ్మ అనే మనిషి లేదు.

దేవేంద్ర అచ్చులు తీయడానికి వచ్చిన రోజు అందరూ వరుసగా కూర్చున్నారు. అంతా అయ్యాక మీ అమ్మ కొంగు మొహం మీదికి లాక్కుని వచ్చి చివర కూర్చుంది. పేరేమిటమ్మా అని అతను అడిగాడు. అక్క నా వైపు చూసింది. ఆ చూపుకు నేను నోటికొచ్చిన పేరు చెప్పాను. అతను మీ అమ్మను ఎప్పుడూ చూడలేదు, రాసుకున్నాడు. తర్వాత నేను అడిగాను, ఎందుకే ఈ వేషం అని. "మా అనూ గుంట సేసిన వస్తువురా. ఒక్కపాలి నా నోట్లో పెట్టుకోవాలని ఉన్నాది" అంది. అందుకే ఒక్క పూట కూడా మానలేదు. నీ ఉత్తరం వచ్చేదాకా.

ఒట్టు వేసిన మాట నిజం. కొన్నాళ్లు మానేసిన మాటా నిజం. మీ నాన్న పోయాక మళ్లీ మొదలెట్టింది. ఉప్పు మడుల అవతలికి పోయి తాగి వచ్చేది. నిప్పు నోట్లో పెట్టుకుంటే ఎదురుగా వచ్చేవాడికి కూడా కనపడదు కదా. నాకు తెలుసు, చిన్నతల్లికి తెలుసు. నీకు చెప్పకూడదని మా మధ్య మాట.

నువ్వు ఆ మీటింగు గురించి రాసిన ఉత్తరం నేను అరుగు మీద కూర్చుని గొంతెత్తి చదివాను. డ్రాగన్ అన్న మాట అక్కకు అర్థం కాకపోతే, నోట్లోంచి మంటలు కక్కే జంతువని విడమరచి కూడా చెప్పాను. నీకూ నవ్వొచ్చిందన్న చోట నేనూ నవ్వాను. "ఛ, మా ఇంట్లో అలాంటివాళ్లు లేరండి" అన్న మాట నీ గొంతు పెట్టి మరీ చదివాను. ఎదుట కూర్చున్నది ఎవరో నాకు తెలిసి కూడా నా నాలుక ఆగలేదు, వేషం బాగా కుదిరిందని దానికి సంబరం. ఆ మాట దగ్గరే అక్క లేచి వెళ్లిపోయింది. కాకుల సంగతి అప్పటిది.

నా బతుకులో ఎన్నో అబద్ధాలు చెప్పాను. కరెంటాఫీసునయ్యాను, తాసీల్దారునయ్యాను, చచ్చిపోయిన వాడి తమ్ముడినయ్యాను. కానీ నీ ఉత్తరాలు మాత్రం ఏనాడూ ఒక్క అక్షరం మార్చి చదవలేదు. చదువుకున్న పిల్ల రాసింది, మార్చడానికి నేనెవరిని అనుకునేవాడిని. నా నిజాయితీ అంతా ఆ ఒక్క పనికే వాడాను. అదే మీ అమ్మ నోరు మూయించింది. అటు పక్క నా ఐసు నీ కళ్లు మూయించింది. ఇద్దరి మధ్యా నిలబడి రెండు వైపులా తలుపులు వేసినవాడిని నేను.

నువ్వు వేడి చోటు గురించి రాసిన ఉత్తరం చదువుతుంటే అక్క నాలుకతో తడుముకుని "అక్కడే" అందని రాశాను కదా. అయినా నీకు అసిరమ్మ అనే రాశాను. అక్క నా చేతిని తన తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించింది, నీకు చెప్పొద్దని. ఈ ఇంట్లో ఒట్లన్నీ తలల మీదే.

నీ ఆఖరి ఉత్తరం బుధవారం వచ్చింది. ముందు నేనొక్కడినే పడవ చాటున కూర్చుని చదువుకున్నాను. "ఆ కూతురెవరు, ఎలాంటి మనిషి" అని నువ్వు అడిగిన చోట ఆగిపోయాను. నిన్ను చూసి జాలేసింది. నువ్వు తిడుతున్నది ఎవరినో నీకు తెలీదు. ఆ కాగితం అక్క ముందు చదవాలంటే నోరు రాలేదు. మూడు రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను.

ఈ పొద్దున చదివాను. అక్క నెత్తళ్లు ఏరుతూ వింది. చివరికి వచ్చేసరికి చేయి ఆగింది. "మళ్లీ సదువు" అంది. చదివాను. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "బస్సు ఎన్నింటికిరా?" అంది. అంతే. పెట్టెలోంచి నువ్వు కొన్న పచ్చచీర తీసి గాలికి వేసింది. మిగిలిన చుట్టలు దేముడమ్మకు ఇచ్చేయబోతే దేముడమ్మ భయపడి పుచ్చుకోలేదు. పలక పెట్టుకున్నప్పటి నుంచీ ఆమె చుట్టలు సగానికి తగ్గించింది. రెండో నంబరూ మూడో నంబరూ కూడా, మనకీ ఏటైనా ఉన్నాదేటో సూపించుకుందుమా అని నన్ను అడుగుతున్నారు. వాళ్లను వచ్చే వారం తెస్తాను.

ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నాను, పెరట్లో అక్క ఉప్పు వేసుకుని నోరు కడుగుతూనే ఉంది. పొద్దున్నుంచీ అదే పని. మండుతోంది మానవే అంటే, "వాసన పోతాదేటిరా?" అని అడుగుతోంది. పోతుందన్నాను.

నీ సారు ముందు నిలబడటానికి నాకు మొహం లేదు. వరండాలో కూర్చుంటాను. బెంచీ తుడవమంటే తుడుస్తాను. నన్ను ఎన్ని మాటలన్నా పడతాను, జోకు వేయను. అక్కను మాత్రం ఆ గదిలోకి నువ్వే తీసుకువెళ్లు. అక్కడ చుట్టూ తెల్లకోట్లు ఉంటాయి, ఆ రోజు నవ్విన వాళ్లు కూడా ఉండొచ్చు. వాళ్ల ఎదుట, ఈమె మా అమ్మ అని నువ్వే చెప్పాలి. అది నేను చెప్పలేను.

ఇక అసలు సంగతి. ఇది రాయకుండా డబ్బా మూసేద్దామనుకున్నాను. మళ్లీ తెరిచాను.

అక్కను లేపిన మాటలు నీ ఉత్తరంలో లేవు. నువ్వు రాసింది ఎవరో అసిరమ్మ కూతురిని తిట్టడం. అది చదివితే అక్కకు ఎవరో నిన్ను తిట్టినట్టే వినపడేది, ఇంకా ముడుచుకుపోయేది. అందుకని నీ కాగితం ముందు పెట్టుకుని, కళ్లు దాని మీద పెట్టి, నేను చదివింది ఇది:

"అమ్మా, నాలుగో నంబరు నువ్వేనని నాకు తెలిసిపోయింది. నువ్వు మళ్లీ తాగుతున్నావని కూడా నాకు ఎప్పుడో తెలుసు. నీ కొంగు వాసన నాకు తెలీదా? చిన్నప్పుడు ఆ కొంగు మొహం మీద వేసుకుంటేనే కదా నిద్ర పట్టేది. ఆ వేళ ఆ ఫొటో చూసి నవ్విన దగ్గర్నుంచీ నా నోట్లోనే నిప్పు పెట్టుకున్నట్టు ఉంది. దాన్ని ఎటు తిప్పినా కాలుతోంది. నువ్వొచ్చి నా పక్కన నిలబడితే తప్ప అది ఆరదు. రా అమ్మా."

ఇందులో ఒక్క ముక్క కూడా నువ్వు రాయలేదు. అంతా నా కల్పన. ఇన్నాళ్లూ నీ మాట మార్చని వాడిని, ఈ ఒక్కసారి మొత్తం మార్చేశాను.

బస్సు దిగగానే అక్క నిన్ను అడుగుతుంది, "నిజింగా అలగే రాసినావేటే?" అని. ఏం చెప్పాలో నేను రాయను. నీ బదులు రాయడం ఒక్కసారికే చాలు.

గంగులు